అమ్మ మోకాలి ఆపరేషన్‌లో "గ్రీన్ డై కెమెరా" వాడతామంటున్నారు, ఎవరికైనా తెలుసా?

తూర్పుకాలవ · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మకి 66 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా సుగరు ఉంది. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, గుమ్మం దాటాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. మోకీలు మార్పిడి తప్పదన్నారు.

చిక్కేంటంటే ఆ మోకాలి మీద ఇప్పటికే రెండు పాత కోతలున్నాయి. 2006లో పంటు దిగుతూ జారిపడితే చిప్ప విరిగింది, మధ్యలో కోసి తీగ వేసి కట్టారు. తర్వాత నాలుగేళ్ళకి బండి మీంచి పడి కాలి ఎముక పైభాగం విరిగితే బయటివైపు ఇంకో కోత కోసి ప్లేటు వేశారు, తర్వాత తీసేశారు. రెండు మచ్చల మధ్య మూడు వేళ్ళు పడతాయి, అంతే.

రాజమండ్రిలో చూపించాం. డాక్టరుగారు ఎక్స్‌రే రెండు నిమిషాలు చూశారు, మచ్చల్ని మాత్రం పది నిమిషాలు చూశారు. టేపు పెట్టి కొలిచారు. "కీలు మార్చడం పెద్ద పని కాదమ్మా, నా ఆలోచనంతా ఈ చర్మం గురించే. ఓటీలో గ్రీన్ డై ఇచ్చి, రక్తం ఎక్కడిదాకా అందుతోందో కెమెరాలో చూసుకుని కుడతాను" అన్నారు. బయట జనం తోసుకొస్తున్నారు, ఇంకేం అడగలేకపోయాను.

ఆ డై ఏమిటి? ఏమన్నా ప్రమాదమా? ఇంకోటి, అమ్మకి రొయ్యలు పడవు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు. రొయ్యల్లో అయోడిన్ ఉంటుంది, ఆ డైలోనూ ఉంటుంది, ఇవ్వనివ్వకు అంటున్నాడు మా బావమరిది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

చెరువుగట్టు · శనివారం, రాత్రి 9:20

కోనసీమలో పుట్టి రొయ్యలు పడకపోవడమేంటండీ బాబూ. మాలాంటివాళ్ళు ఏమైపోవాలి.

డై సంగతి నాకు తెలీదండి. చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్ తిప్పుతాం, నా డాక్టరీ అంతవరకే. అమ్మగారికి బాగవ్వాలి.

అనుమానాలపుట్ట · శనివారం, రాత్రి 9:41

ఇది ఫ్లోరోస్కోపీయే కదా? మా చిన్నాన్నకి తుంటి ఆపరేషన్‌లో వాడారు. పెద్ద వంపు మిషను, డాక్టర్లంతా సీసం కోట్లు వేసుకుంటారు. రేడియేషన్ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకే మంచిది కాదు, పెద్దావిడకి ఎందుకండీ.

మత్తుగది · శనివారం, రాత్రి 10:26

పుట్టగారూ, పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ రెండూ వేరండి. మీరు చూసింది సీ-ఆర్మ్, అది ఎక్స్‌రే, ఎముక కోసం. ఇక్కడ చెబుతున్నది ఫ్లోరెసెన్స్. ఇందులో ఎక్స్‌రే లేదు, సీసం కోటు అక్కర్లేదు. నేను పదకొండేళ్ళుగా మత్తు డాక్టర్ల దగ్గర టెక్నీషియన్‌ని. మా దగ్గర ఈ మందు పేగు ఆపరేషన్లలో ఎక్కువ వాడతారు, పేగు రెండు కొసలూ కలిపి కుట్టేముందు నెత్తురు అందుతోందో లేదో చూడ్డానికి. మోకాలికి వాడగా రెండుసార్లే చూశాను.

మందు పేరు ఇండోసయనైన్ గ్రీన్, మేం ఐసీజీ అంటాం. చిన్న సీసాలో 25 మిల్లీగ్రాముల పొడి ఉంటుంది. దాంతోపాటు వచ్చే శుద్ధి చేసిన నీళ్ళతోనే కలపాలి. సెలైన్‌తో కలిపితే సరిగ్గా కరగక రేణువులు మిగులుతాయి. కలిపాక ముదురు పచ్చగా ఉంటుంది, చేతికి అంటితే సబ్బుకి ఓ పట్టాన వదలదు. కలిపిన మందు 6 గంటల్లో వాడెయ్యాలి. చేతి నరంలో కొన్ని మిల్లీలీటర్లు ఇచ్చి, వెనకాలే సెలైన్ తోస్తాం. నిమిషం అటూఇటూగా కాలు దగ్గర కనపడ్డం మొదలవుతుంది.

ఇచ్చేముందు డాక్టరుగారు మాకు గట్టిగా చెప్పి ఇస్తారు. ఎందుకంటే వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు ఆ పచ్చ రంగుకి తికమకపడి కాసేపు అంకె తక్కువ చూపిస్తుంది. పేషెంటుకి ఏమీ కాదు, మిషనే మోసపోతుంది. మొదటిసారి నాకు తెలీక గుండె జారిపోయింది.

లంకమాస్టారు · ఆదివారం, ఉదయం 6:05

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను, వైద్యం తెలియదు. వెలుగు గురించి మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో టీవీ రిమోట్ తీసుకుని దాని కొసనున్న చిన్న బల్బు వైపు చూస్తూ బటన్ నొక్కండి. ఏమీ కనపడదు. ఇప్పుడు ఫోన్ కెమెరాలోంచి చూస్తూ నొక్కండి, తెల్లగానో ఊదాగానో మిణుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకి కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. అది మన కంటికి అందని పరారుణ వెలుగు. ఐసీజీ కూడా ఆ కుటుంబంలోదే. సుమారు 800 నానోమీటర్ల వెలుగు దాని మీద పడితే పీల్చుకుని, కాస్త పొడవాటి తరంగంలో, 830 దగ్గర, తిరిగి వెదజల్లుతుంది. కెమెరా ముందున్న ఫిల్టర్ పడిన వెలుగుని ఆపేసి, తిరిగొచ్చిన దాన్నే లోపలికి రానిస్తుంది. అందుకే మందు ఉన్నచోటే వెలుగుతుంది, మిగతాదంతా చీకటి.

ఈ తరంగాలకి చర్మం, కొవ్వు, నెత్తురు మామూలు వెలుగుకంటే తక్కువ అడ్డం. అయినా 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోతుకి మించి కనపడదు. ఇంకో తమాషా, ఈ రంగు పుట్టింది ఆసుపత్రి కోసం కాదు. 1950లలో కొడాక్ కంపెనీ ఫొటోగ్రఫీ పరిశోధనలో తయారైంది. అమెరికాలో మందుగా అనుమతి 1959లో వచ్చింది. అంటే నాకంటే కాస్త చిన్నది.

తూర్పుకాలవ · ఆదివారం, ఉదయం 7:48

మాస్టారూ, రిమోట్ పెట్టి చూశామండి. పిల్లలు ఇంకా వదల్లేదు, బ్యాటరీలు అయిపోయేలా ఉన్నాయి. అమ్మ కూడా చూసి "ఇలాంటిదే నా కాలికి వేస్తారా" అంది. భయం కొంచెం తగ్గింది.

పాలకొల్లు_అమ్మాయి · ఆదివారం, ఉదయం 9:15

మా అత్తగారికి సుగరు వల్ల కంటి వెనక పొర చూడ్డానికి ఇలాంటి డై ఇచ్చారు. రోజంతా ఒళ్ళు పసుపు రాసినట్టు, మూత్రం నారింజ రంగులో. చెప్పకపోయుంటే హడలిపోయేవాళ్ళం. మీ అమ్మగారికి అలా అవుతుందేమో ముందే అడగండి.

ఎముకల_పీజీ · ఆదివారం, మధ్యాహ్నం 2:30

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. కాకినాడలో చదువుతున్నాను, ఆర్థో మూడో ఏడు.

ముందు పాలకొల్లు గారికి. మీ అత్తగారికి ఇచ్చింది ఫ్లోరెసీన్ అయ్యుంటుందండి, అది కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి మూత్రం రంగు మారుతుంది. ఐసీజీ నెత్తుట్లో ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లని పట్టుకుని నాళాల్లోనే తిరుగుతుంది, లివర్ తీసుకుని పైత్యరసంలోకి వదిలేస్తుంది. మూడు నాలుగు నిమిషాలకొకసారి నెత్తుట్లో సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే కాసేపాగి మళ్ళీ ఇచ్చి చూడొచ్చు. సుగరు వల్ల కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్ళకి కూడా అందుకే ఇబ్బంది తక్కువ. లివర్ జబ్బుంటే మాత్రం చెప్పాలి.

రొయ్యల సంగతి. ఇది మన జిల్లాల్లో ప్రతి రెండో ఇంట్లో వినపడుతుంది. రొయ్య పడకపోవడానికి కారణం దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను, అయోడిన్ కాదు. మనం రోజూ తినే ఉప్పులోనూ అయోడిన్ ఉంది, అమ్మగారికి ఉప్పు పడుతోంది కదా. ఐసీజీ పొడిలో సోడియం అయోడైడ్ కొద్దిగా ఉండే మాట నిజం. కాబట్టి ఇంతకుముందు సీటీ స్కాన్ డైకో, అయోడిన్ మందుకో పడకపోయుంటే తప్పకుండా చెప్పండి. రొయ్యల సంగతీ చెప్పండి, దాచొద్దు. దానివల్ల ఆపాల్సిన పని ఉండకపోవచ్చు. ఈ మందుకి తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, కానీ ఉంది. మత్తు డాక్టరు పక్కనే ఉంటారు కాబట్టి చూసుకుంటారు.

ఇక అసలు విషయం, మీ డాక్టరుగారు టేపు ఎందుకు పెట్టారో. మోకాలి ముందు చర్మానికి నెత్తురు ఎక్కువగా లోపలివైపు నుంచి, అంటే రెండో కాలు వైపు నుంచి వస్తుంది. మన భాషలో చెప్పాలంటే లాకు లోపలివైపు ఉంది, బయటివైపు శివారు ఆయకట్టు. మధ్యలో నిలువుగా కోస్తే కాలవకి అడ్డుకట్ట వేసినట్టే. మామూలు మోకాలికి శివారు చేను వేరే పిల్లకాలవల మీద బతికేస్తుంది. మీ అమ్మగారికి బయటివైపు కూడా ఒక కోత ఉంది. ఇప్పుడు మళ్ళీ మధ్య కోత తెరిస్తే, రెండు మచ్చల మధ్యనున్న మూడు వేళ్ళ పట్టీకి అటూ ఇటూ కూడా నీళ్ళు కట్టేసినట్టు. ఆ పట్టీ నల్లబడి ఊడిందంటే కింద ఉండేది లోహపు కీలు. చర్మం పోయి కీలు బయటపడితే ఇన్‌ఫెక్షన్, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు.

అందుకే పాత మచ్చలు రెండు మూడుంటే వాడుకోదగిన వాటిలో అన్నిటికంటే బయటిది ఎంచుకోమని మాకు నేర్పుతారు. కొత్తగా పక్కనే కోయాల్సొస్తే మధ్యలో కనీసం 5, 6 సెంటీమీటర్లు వదలమంటారు. పైగా చర్మాన్ని ఒక్కదాన్నే తొక్క ఒలిచినట్టు లేపకూడదు. కొవ్వూ దాని కింది గట్టి పొరా కలిపి లేపాలి, సన్న నాళాలు ఆ లోతు నుంచే పైకొస్తాయి.

ఇవన్నీ కెమెరా లేకపోయినా చెయ్యాల్సినవే. చెయ్యాల్సినవి చేశాక కూడా మిగిలే అనుమానానికే కెమెరా.

అనుమానాలపుట్ట · ఆదివారం, సాయంత్రం 5:02

సీ-ఆర్మ్ అన్నందుకు క్షమించాలి. కానీ ఇంకో అనుమానం. ఇన్నేళ్ళూ డాక్టర్లు కంటితో చూసి కుట్టలేదా? చర్మం అంచు కోస్తే ఎర్రటి నెత్తురు వస్తే బాగున్నట్టు, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగొస్తే బాగున్నట్టు. దీనికి ఇంత ఖరీదైన కెమెరా పెట్టి, దాని డబ్బులు మన బిల్లులోనే కదా వేసేది.

ఎముకల_పీజీ · ఆదివారం, రాత్రి 11:10

మంచి ప్రశ్నే. నూటికి తొంభై మోకాళ్ళకి మీరన్నట్టు కన్నూ వేలూ చాలు, నేనూ అదే అంటాను. ఏ మచ్చా లేని, సుగరు అదుపులో ఉన్న మోకాలికి ఈ కెమెరా పెడతానంటే నేనే ఎందుకండీ అని అడుగుతాను.

పాత కోతలు, రేడియేషన్ తిన్న చర్మం, మళ్ళీ తెరిచిన కీలు, పొగతాగేవాళ్ళు, వీళ్ళ దగ్గర కన్ను మోసపోతుంది. ఆపరేషన్ అయిన గంటకి గులాబీరంగులో ఉన్న అంచు మూడోరోజుకి ఊదా, వారానికి నలుపు అవడం నేను చూశాను.

కెమెరా కూడా మోసపోతుంది, అదీ చెప్పాలి. తొడకి టూర్నికే, అంటే నెత్తురు ఆపే బెల్టు, బిగించి ఉండగా ఇస్తే మందు కాలికి రాదు, అంతా చీకటే. వదిలి కాసేపు ఆగాలి. నొప్పి తగ్గడానికి చుట్టూ ఎక్కించే మందులో అడ్రినలిన్ ఉంటే నాళాలు ముడుచుకుని చర్మం ఉన్నదానికంటే చీకటిగా కనపడుతుంది. బీపీ తక్కువగా ఉన్నా, కాలు చల్లబడినా అంతే. వాచి ఎర్రబడిన చోట అవసరానికి మించి వెలుగుతుంది. మొదటిసారి ఇచ్చిన మందు పూర్తిగా పోకుండా రెండోసారి ఇస్తే పాత వెలుగు కలిసిపోతుంది. కెమెరా దూరం మారినా వెలుగు మారుతుంది. పైనున్న ఓటీ లైట్లు ఆపాలి. ఇంత శాతం వెలిగితే బతుకుతుంది, ఇంతకు తగ్గితే పోతుంది అని అందరూ ఒప్పుకున్న గీత మోకాలికి ఇంకా లేదు. పక్కనున్న మంచి చర్మంతో పోల్చి చూడ్డమే.

ఇంకో ఉపయోగం, ఏ కుట్టు మంచిదో తేల్చడానికి. 2016లో అమెరికాలో మాయో క్లినిక్ వాళ్ళు మోకీలు మార్పిడి చేసినవాళ్ళని లాటరీ పద్ధతిలో మూడు రకాలుగా కుట్టి ఇదే డైతో చూశారు. పైన కనపడే నైలాన్ కుట్లు, స్టేపుల్ పిన్నులు, చర్మం లోపలే సాగిపోయే కుట్టు. లోపలి కుట్టు దగ్గరే నెత్తురు బాగా అందింది. ఎముకకి ఎంత అందుతోందో కూడా ఇలాగే చూడ్డానికి అక్కడే డార్ట్‌మత్ కాలేజీలో పని జరుగుతోంది, విరిగి బయటికొచ్చిన ఎముకల కోసం. మన దాకా రావడానికి టైం పడుతుంది.

పంటురేవు · సోమవారం, ఉదయం 8:33

రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

మా నాన్నకి నాలుగేళ్ళ క్రితం ఒకచోట చేయించాం. పేరు ఇక్కడొద్దు. ఆయనకీ బయటివైపు పాత మచ్చ ఉంది, చిన్నప్పుడు కొడవలి తెగిందట. ఎవరూ దాని గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు. దాని పక్కనే నిలువుగా కోశారు. అయిదో రోజు కట్టు విప్పితే మచ్చకీ కొత్త కోతకీ మధ్య అరచేతి సగమంత నేరేడుపండు రంగు. "సుగరు వల్ల, తగ్గుతుంది" అన్నారు. తగ్గలేదు. పిక్క కండని తిప్పి మోకాలి మీదకి తెచ్చి, దాని మీద తొడ చర్మం అతికించారు, వేరే ఊళ్ళో. కీలు దక్కింది. అప్పటికి మా ఎకరం అమ్మేశాం.

ఈ కెమెరా ఉంటే నాన్నకి అలా అయ్యేది కాదని నేననను. ఆ మచ్చని ఎవరన్నా చూసినా చాలేమో. మీ డాక్టరుగారు టేపు పెట్టి కొలిచారని చదివినప్పుడు మాత్రం, ఎందుకో, మీరు సరైనచోటికే వెళ్ళారనిపించింది.

అనుమానాలపుట్ట · సోమవారం, ఉదయం 9:01

పంటురేవుగారూ, ఇక నేనేం మాట్లాడనండి.

తూర్పుకాలవ · సోమవారం, రాత్రి 8:50

అందరికీ పేరుపేరునా. రేవుగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించలేదు, మన్నించండి.

ఈరోజు ఫోన్ చేసి అడిగాను. రొయ్యల సంగతి రాసుకున్నారు. అమ్మకి ఎప్పుడూ సీటీ డై ఇవ్వలేదు. సుగరు మూడు నెలల లెక్క 8.6 వచ్చింది, దాన్ని 7.5 దగ్గరకి తెచ్చాకే చేస్తానని రెండు నెలలు వాయిదా వేశారు. డై ఖర్చు అడిగితే "సీసా ధర తీసుకుంటాం, కెమెరా పొట్ట ఆపరేషన్ల కోసం కొన్నదే, దానికి వేరే బిల్లు లేదు" అన్నారు. అమ్మకి పూతరేకులు ఆపించాం. ఆత్రేయపురం మా చెల్లి అత్తగారూరు, పాపం ఆవిడకే కష్టంగా ఉంది.

తూర్పుకాలవ · రెండు నెలల పదకొండు రోజుల తర్వాత, మధ్యాహ్నం 3:15

ఆపరేషన్ మొన్న శుక్రవారం అయిందండి. అమ్మ బాగుంది. ముందే రాద్దామనుకున్నాను, ఆసుపత్రిలో ఒక్కడినే కుదర్లేదు.

డాక్టరుగారు రికార్డు చేసింది కంప్యూటర్లో చూపించారు. పచ్చగా వెలుగుతుందనుకుని వెళ్ళాను, నలుపు తెలుపులో ఉంది. రంగు కూడా వేసుకోవచ్చట, ఆయనకి ఇలాగే అలవాటట. కోయకముందు ఒకసారి ఇచ్చారు. ముందు కాలంతా చీకటి. తర్వాత లోపలివైపు నుంచి తెల్లగా, దాళ్వాలో వంతుకి వదిలిన నీళ్ళు బోదెల్లోకి పాకినట్టు పాకుతూ వచ్చింది. రెండు మచ్చల మధ్య పట్టీ ఆలస్యంగా, మసగ్గా వెలిగింది. బయటి మచ్చనే తెరిచారు, పీజీగారు చెప్పినట్టే.

కీలు వేసి, టూర్నికే వదిలి, కుట్టాక మళ్ళీ ఇచ్చారు. అంతా వెలిగింది గానీ కింది కొసన బొటనవేలంత చోట వెలగలేదు. ఆయన ఆ చోటు నాకు పెన్నుతో చూపించి, "కంటికి ఇది మామూలుగానే ఉంది" అన్నారు. అక్కడ కుట్లు నాలుగు విప్పి, లోపల ముడతపడ్డ కొవ్వు సర్ది, లాగుడు లేకుండా మళ్ళీ కుట్టారట. ఇరవై నిమిషాలాగి మళ్ళీ కొంచెం మందు ఇస్తే మసగ్గా వెలిగిందట. మొదటి మందు ఇంకా కొంచెం మిగిలి ఉండొచ్చు, అందుకే దాన్ని పూర్తిగా నమ్మను అని ఆయనే అన్నారు. అందుకని మొదటి నాలుగు రోజులు మోకాలు ఎక్కువ వంచనివ్వలేదు. మొదట్లో బాగా వంచితే బయటి అంచుకి ఆక్సిజన్ తగ్గుతుందట. పక్క మంచం ఆవిడ రెండో రోజే 90 డిగ్రీలు వంచేస్తుంటే అమ్మకి ఒకటే దిగులు.

మత్తుగది · అదే రోజు, సాయంత్రం 4:40

ఆక్సిజన్ క్లిప్పు అంకె పడిపోయిందా లేదా అడిగారా? ఊరికే.

తూర్పుకాలవ · అదే రోజు, సాయంత్రం 5:05

అడిగానండి. 99 నుంచి 93కి వచ్చి నిమిషంలో తేరుకుందట. మీ పేరు చెప్పలేదు.

పంటురేవు · అదే రోజు, రాత్రి 7:22

ఆ బొటనవేలంత చోటు ఎలా ఉంది ఇప్పుడు?

తూర్పుకాలవ · పదహారు రోజుల తర్వాత, ఉదయం 10:30

రేవుగారూ, మీ కోసమే ఆగాను. వారానికి అక్కడ బియ్యపుగింజంత పొడుగున నల్లటి పొక్కు కట్టింది. రోజూ ఫొటో తీసి పంపమన్నారు, పంపాం. చీము లేదు, వేడి లేదు. నిన్న పొక్కు దానంతటదే ఊడింది, కింద గులాబీరంగు చర్మం ఉంది. మోకాలు 95 దాకా వంగుతోంది. వాకర్‌తో వీధి గుమ్మం దాకా వెళ్ళి, గోడ పట్టుకోకుండా దాటింది. దాటి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ దాటింది.

ఎడమ మోకాలు సంక్రాంతి తర్వాత చేయిస్తాం. దానికి మచ్చలేం లేవు. డై అక్కర్లేదన్నారు.

పంటురేవు · అదే రోజు, ఉదయం 10:41

చాలా సంతోషమండి.

చెరువుగట్టు · అదే రోజు, మధ్యాహ్నం 12:10

ఆయ్! మంచి కబురు. ఈ వారం పట్టుబడి ఉంది, ఓ రెండు కేజీలు రొయ్యలు పంపమంటారా? మీకేనండి, అమ్మగారికి కాదు.

తూర్పుకాలవ · అదే రోజు, మధ్యాహ్నం 12:14

వద్దండి బాబూ, వాసనకే గొడవ పెట్టుకుంటుంది. బొమ్మిడాయిలు దొరికితే పంపండి.